పట్టినవా గ్లోరీ?

నారాయణఖేడ్ బస్సు డిపో వెనక వీధికి వచ్చి జేమ్స్ ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎవరూ గోడ రంగు చెప్పరు, మలుపు చెప్పరు. "గ్లోరీ గొంతు ఎటుదిక్కు ఇనబడితే అటు పో" అంటారు. గ్లోరీ జేమ్స్ భార్య. మంచిదే పాపం, వచ్చినవాళ్లకు చాయ్ పోయకుండా పంపదు. నోరే కాస్త పెద్దది. పొయ్యిని తిడుతుంది, కోళ్లను తిడుతుంది, సిగ్నల్ అందని ఫోన్‌ను తిడుతుంది, అన్నిటికంటే ఎక్కువ జేమ్స్‌ను తిడుతుంది. జేమ్స్ ఆ తిట్లు వింటూనే అన్నం తింటాడు, వింటూనే పడుకుంటాడు. ఆమె సిర్గాపూర్‌లోని పుట్టింటికి పోయిందంటే చాలు, ఇల్లు బోసిగా ఉంది, నిద్ర పట్టడం లేదని ఫోన్ చేసి మరీ పిలిపించుకుంటాడు.

ఆ ఇంట్లోకి ట్రాక్టర్ వచ్చింది కంది చేలు పూతకొచ్చిన రోజుల్లో.

జేమ్స్‌కు బస్టాండు దగ్గర బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. మనూరులో ఏదో మోటారు చూడడానికి పోయినవాడు, మొగులయ్య అనే ముసలి రైతు పశువుల కొట్టంలో దాన్ని చూశాడు. పొలం దున్నే పెద్ద ట్రాక్టర్ కాదు. పూర్వం దొరల బంగ్లా తోటల్లో పాదులు దున్నడానికి, గడ్డి కొయ్యడానికి నడిపిన పిల్ల ట్రాక్టర్. జేమ్స్ పక్కన నిలబడితే అతని నడుము దాటదు. సీటులో కోడి పొదుగుతోంది. మూతి మీద ఎండిన పేడ. తుప్పుకీ పిచ్చికీ మన భాషలో ఒకటే మాట, రెండూ పడతాయి. ట్రాక్టర్‌కు తుప్పు పట్టి ఉంది, దాన్ని చూసిన జేమ్స్‌కు పిచ్చి పట్టింది. వారం తిరక్కుండా దాన్ని ఆటో ట్రాలీలో వేసుకొని ఇంటికి తెచ్చాడు.

"నీ ట్రాక్టర్ల మన్ను పొయ్య! ఇల్లు చాలదా, గీ ముసలిదాన్ని గూడ నా నెత్తి మీదికి తెచ్చినవు" అని గ్లోరీ ఆ రోజు మొదలుపెట్టిన తిట్టు ఆపనే లేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. ముందు చక్రాలు బిగుసుకుపోయి పక్కకు తిరగలేదు కాబట్టి ఎలా తోశారో అలాగే ఉండిపోయింది ట్రాక్టర్. మూతి వెనక గోడ వైపు, సీటు తలుపు వైపు. ఒక పక్క పాత మోటార్ల కుప్ప, ఇంకో పక్క కిరోసిన్ డ్రమ్ములు. మూతికీ గోడకీ నడుమ ఒక మనిషి నిలబడేంత జాగా. ఇంజను లేపడానికి తాడు చుట్టే చక్రం మూతి దగ్గరే ఉంది కాబట్టి, జేమ్స్ డ్రమ్ముల మీదుగా పాకి ఆ జాగాలోకి దిగి పని చేసేవాడు.

సాయంత్రం దుకాణం కట్టేసి రావడం, చొక్కా విప్పి షెడ్డులో దూరడం. ఒక్కో ముక్కా విప్పి కిరోసిన్‌లో నానబెట్టాడు, ఇనుప బ్రష్‌తో గీకాడు, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ మళ్లీ బిగించాడు. తుప్పు కింద నుంచి ఆకుపచ్చ రంగు బయటపడిన రోజు చిన్నపిల్లాడిలా గ్లోరీని పిలిచి చూపించాడు. చర్చిలో కోత పండుగ వస్తోంది. కానుకల గంపలన్నీ ఈ ట్రాక్టర్ మీద పెట్టి, తనే నడుపుకుంటూ తీసుకుపోవాలని అతని ఆశ. హైదరాబాద్ హాస్టల్లో నర్సింగ్ చదివే కూతురు దీవెనకు రోజుకో ఫోటో పంపేవాడు.

ఒక్కటే చిక్కు. క్లచ్ రాడ్డు నిలబడదు.

ట్రాక్టర్ తెచ్చినప్పుడు ఆ రాడ్డును సీటు వైపుకు గుంజి ఇనుప తీగతో చుట్లు చుట్లుగా బిగించి ఉంది. తీగ మీద నల్లబడిన గుడ్డ పీలికలు. "గా తీగ ఇప్పకు, ఉండనియ్యి" అన్నాడట మొగులయ్య, ఎందుకో చెప్పకుండా. పాత ఇనుముకు దండం పెట్టే రకం కాదు జేమ్స్, మొదటి రోజే కటింగ్ ప్లేరుతో కత్తిరించి పారేశాడు. తీరా చూస్తే రాడ్డును పట్టి ఉంచే కొక్కెం విరిగిపోయి ఉంది. గేరు కూడా ముందుకు పోయే గేరులోనే ఇరుక్కుపోయింది. కొత్త కొక్కెం జహీరాబాద్‌లో చేయించాలి. అందాకా ఇంజను లేపాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ముందు నిలబడి తాడు గుంజాలి, ఒకరు వెనక నిలబడి రెండు చేతులతో రాడ్డును గుంజి పట్టుకోవాలి. చెయ్యి జారిందా, ఇంజను లేచిన మరుక్షణం ట్రాక్టర్ ముందుకు ఉరుకుతుంది. ముందు ఉన్నది గోడ. గోడకు ముందున్నది జేమ్స్.

అందుకే జేమ్స్ తన ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న కట్టుబాటు తప్పేవాడు కాదు. తాడు చేతికి చుట్టుకొని "పట్టినవా?" అని అడుగుతాడు. వెనక ఉన్న మనిషి "పట్టిన" అనాలి. ఆ మాట చెవిన పడనిదే తాడు గుంజడు. పనయ్యాక "ఇడువు" అంటాడు. "ఇడిసిన" అని జవాబు రావాలి. కళ్లతో చూసి పని కానివ్వొద్దు, చెవితో విని చెయ్యాలి అనేవాడు ఉస్తాద్. వెనక ఉండే ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. తిట్టుకుంటూనే అయినా గ్లోరీ ఇప్పటికి చాలాసార్లు పట్టింది. ఇంజను దగ్గింది, తుమ్మింది, లేవలేదు.

శనివారం మధ్యాహ్నం పక్కింటి మణెమ్మ మజ్జిగ కోసం గిన్నెతో వచ్చింది. ముసలిది, నెలలో సగం రోజులు కొడుకు దగ్గర పటాన్‌చెరులో ఉంటుంది, ట్రాక్టర్ సంగతి ఆమెకు తెలియదు. షెడ్డు తలుపు తెరిచి ఉంది. లోపల ఆకుపచ్చగా మెరుస్తున్నదాన్ని చూసి ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది.

"గిది యాడిదే?"

"మనూరు నుంచి తెచ్చిండవ్వా. నాకు సవతి."

మణెమ్మ నవ్వలేదు. "గా బంగ్లది" అంది. "గదే. మా అమ్మెంబడి కలుపుకు వోయేదాన్ని ఆడికి. రామవ్వని ఒకామె ఉండె. మొగడు తాడు గుంజెటోడు, గామె రాడ్డు పట్టేది. పట్టినవా అంటడు, పట్టిన అంటది, గప్పుడు గుంజుతడు. ఓనాడు గట్లనే అడిగిండు. గట్లనే పట్టిన అన్నది. గుంజిండు. గోడకు నూరుకపోయిండు."

గ్లోరీ చేతిలో చెంబు ఆగింది. "ఇడిసిపెట్టిందా?"

"నేను ఆడ లేనే లేనన్నది. బాయి కాడ బిందె ముంచుతున్న, పట్టిన అన్నది నేను గాదు అని మన్నుల పడి ఏడ్సింది. ఎవరు నమ్ముతరు బిడ్డా? తోటల ఉన్నోళ్లందరం ఇన్నం. రామవ్వ గొంతే."

"మరేమైంది?"

"ఏమైతది, జేలుకు వట్కపోయిన్రు. మొగన్ని సంపుకున్నదని పేరు పడ్డది." మణెమ్మ మెడ సాచి షెడ్డులోకి చూసింది. "రాడ్డుకు తీగ కట్టి ఉండాలె. ఏది?"

తీగ ఎప్పుడో పాత ఇనుము కొనేవాడి సంచిలోకి పోయింది. ఆ మాట చెప్పగానే మణెమ్మ మజ్జిగ తీసుకోకుండానే వెనక్కి తిరిగింది.

 దయ్యాలూ గియ్యాలూ లేవని గ్లోరీ ప్రతి ఆదివారం పాస్టర్ దగ్గర వింటూనే ఉంటుంది, నమ్ముతుంది కూడా. కానీ నమ్మకం వేరు, సాయంత్రం పూట ఆ రాడ్డు మీద చెయ్యి వెయ్యడం వేరు. భయం వేసినప్పుడు దాన్ని కోపం చేసుకోవడం గ్లోరీకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకే జేమ్స్ వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చొని, జొన్నపిండిని శత్రువును కొట్టినట్టు కొడుతోంది.

"గ్లోరీ, ఇయ్యాల ప్లగ్గు కొత్తది తెచ్చిన. తప్పక లేస్తది. జర వచ్చి పట్టు."

"నేను పట్ట." మణెమ్మ చెప్పిందంతా ఒక్క ఊపులో చెప్పింది.

జేమ్స్ పడీపడీ నవ్వాడు. "మణెమ్మకు బస్సు బోర్డే ఆనదు. గీ ట్రాక్టరే గా ట్రాక్టరని ఎట్ల గుర్తువట్టింది? రేపు పండుగనే. లే జల్దీ, పొద్దు గూకుతున్నది."

"రొట్టెలు ఎవరు చెయ్యాలె? నా సవతి చేస్తదా?"

"ఒక్కసారి పట్టవే. నువ్వు గాకపోతే ఎవరు పట్టాలె?"

అప్పుడు వచ్చింది ఆ మాట గ్లోరీ నోటి నుంచి. తెలుగు దేశంలో ఏ ఇంట్లోనైనా రోజుకొకసారి వినబడే మాటే. "గా దయ్యాన్నే వచ్చి పట్టుమను!" అంది. అంటూ విసురుగా తిప్పిన చెయ్యి కాలిన పెనానికి తగిలింది. కుడి బొటనవేలి మొదట్లో చర్మం చుర్రుమంది. చూస్తుండగానే చింతగింజంత బొబ్బ లేచింది. జేమ్స్ చెయ్యి పట్టుకొని చూడబోయాడు, ఆమె విదిలించుకుంది. అతను ఇంకేమీ అనకుండా షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

కాసేపటికి కరెంటు పోయింది.

వీధిలో చీకటి ఒక్కసారిగా దిగింది. డిపో వైపు ఏదో బస్సు తిరుగుతున్న చప్పుడు, అదీ సద్దుమణిగింది. పొయ్యిలో కందికట్టె మంట ఒక్కటే వెలుగు. పొగ వాసన, దాని వెంట వెనక నుంచి పెట్రోలు వాసన. షెడ్డులో స్పానర్ కింద పడిన చప్పుడు విని గ్లోరీకి మనసు కాస్త మెత్తబడింది. ఎంత తిట్టినా మనిషి ఏదీ పట్టించుకోడు, చీకట్లో ఒక్కడే తంటాలు పడుతున్నాడు. ఈ ఒక్క రొట్టె కాల్చి పోదాం, పట్టి వద్దాం అనుకుంది. పెనం మీద రొట్టె తిప్పింది.

వెనక నుంచి జేమ్స్ గొంతు వినబడింది. "వచ్చినవా? నాకు తెలుసు వస్తవని."

గ్లోరీ చెయ్యి ఆగింది. ఎవరితో మాట్లాడుతున్నాడు?

"పట్టినవా?" అన్నాడు జేమ్స్.

"పట్టిన."

గ్లోరీ పొయ్యి ముందే ఉంది. పెదవులు మూసుకొనే ఉంది. ఆ గొంతు ఆమెదే.

తాడు సర్రున గుంజిన చప్పుడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రొట్టె మాడుతున్న వాసన ముక్కుకు తగులుతోంది కానీ గ్లోరీ లేవలేకపోయింది. ఫోన్‌లో రికార్డు చేసుకున్న తన గొంతు విన్నప్పుడు ఎవరికైనా కాస్త కొత్తగా ఉంటుంది కదా. ఇది అలా కూడా లేదు. నోటి లోపల నుంచి తనకు తాను వినబడేట్టే వినబడింది.

"ఈసారి లేస్తది" జేమ్స్ గొంతులో సంతోషం. "గట్టిగ పట్టు."

"పట్టిన. నువ్వు గుంజు." ఎంత మెత్తగా అంది! పెళ్లయిన నాటి నుంచి ఈనాటి వరకు గ్లోరీ అతనితో అంత మెత్తగా మాట్లాడిన పాపాన పోలేదు.

బావి దగ్గర బిందె ముంచుతున్న రామవ్వ కళ్ల ముందు మెదిలింది. నేను కాదు, నేను కాదు అని మన్నులో పడి ఏడ్చిన రామవ్వ. ఇంజను లేస్తే, రాడ్డు జారితే... రేపు మణెమ్మ పోలీసులకు ఏమి చెబుతుంది? వాడంతా ఏమి చెబుతుంది? గ్లోరీ గొంతే అంటుంది. ఆ గొంతు ఎవరికి తెలియదు?

అది కాదు. అది తరువాతి మాట. మనిషి పోతాడు. జేమ్స్ పోతాడు.

గ్లోరీ లేచి పరుగెత్తింది.

వాకిట్లో చెప్పుల్లేని కాళ్లకు మన్ను చల్లగా తగిలింది. షెడ్డు తలుపు సగం మూసి ఉంది. లోపల చీకటి. ఫోన్ వంటింట్లోనే మరిచిపోయింది. మాట గుసగుసగానే వచ్చింది.

"దీవెన నాయినా... గుంజకు. నేను ఈడున్న."

లోపల తాడు కదలిక ఆగింది. "ఏంది?"

"నేను బయటున్న. పట్టింది నేను గాదు."

చీకట్లో సీటు దగ్గర నుంచి అదే గొంతు, అంతే గుసగుసగా. "నేను ఈడున్న. పట్టింది నేనే. నువ్వు గుంజు."

 జేమ్స్ గోడకు వీపు ఆనించినట్టున్నాడు, చొక్కా లేని ఒళ్లు సున్నానికి రాసుకున్న చప్పుడు. "గ్లోరీ?" అన్నాడు. ఏ వైపు తిరిగి అన్నాడో అతనికే తెలియదు.

"ఆ" అంది గ్లోరీ.

"ఆ" అంది సీటు దగ్గరిది.

గ్లోరీకి ఎక్కడ లేని కోపం ముంచుకొచ్చింది. భయమే అలా వచ్చింది. "నీ ట్రాక్టర్ల మన్ను పొయ్య! నీ ఇంజన్ల నిప్పులు పొయ్య! పెండ్లాం ఎవరో తెల్వక ఆడ నిలవడ్డవా? తాడు ఇడిసి బయటికి రా!" అని వాడంతా వినబడేట్టు అరిచింది.

జేమ్స్‌కు తెలిసిపోయింది. ఇన్నేళ్ల సంసారం, ఆ మాత్రం తెలియదా. తాడు కింద పడేసిన చప్పుడు వినబడింది.

కానీ అప్పుడే ఇంజను లేచింది.

ఎవరూ గుంజలేదు. తాడు నేల మీద ఉంది. అయినా లేచింది. ఇన్నాళ్లూ దగ్గి, తుమ్మి, ఏడిపించిన ఇంజను డుగ్ డుగ్ డుగ్ అని నిండుగా తిరగసాగింది. రేకులు అదురుతున్నాయి. వేడి పొగ మొహానికి కొట్టింది. పెట్రోలు పొగలో ఇంకేదో వాసన ఉంది... తడి మన్ను వాసన, తవ్విన తోట వాసన.

జేమ్స్ ఫోన్ వెలిగించాడు. ఆ వెలుగులో గ్లోరీ చూసింది. క్లచ్ రాడ్డు సీటు వైపుకు పూర్తిగా వంగి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకొని లేరు. తీగ లేదు, కొక్కెం లేదు. సన్నగా వణుకుతూ అలా వంగి ఉంది.

"డ్రమ్ముల మీదికెళ్లి రా" అంది గ్లోరీ.

జేమ్స్ డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. రాడ్డు వేలెడంత ముందుకు జరిగింది. ట్రాక్టర్ మూతి వచ్చి అతని మోకాళ్లను గోడకు అదిమింది. జేమ్స్ కేక వేశాడు. రాడ్డు మళ్లీ వెనక్కి వంగింది. మూతి ఆగింది, వెనక్కి మాత్రం పోలేదు. ఆడుకుంటోంది. ఎలుకను పట్టిన పిల్లి ఆడుకున్నట్టు ఆడుకుంటోంది.

"గ్లోరీ... కాళ్లు ఇరుక్కున్నయి" అన్నాడు. అతని గొంతులో అంత భయం ఆమె ఎప్పుడూ వినలేదు. "స్విచ్చి సీటు కింద ఉన్నది. రాడ్డు పట్టి స్విచ్చి కొట్టు. పట్టకుండ కొట్టకు. ఇంజను ఆగేలోపల దుంకుతది."

ఒక్కటే దారి. రాడ్డు ఆ చేతిలో నుంచి తన చేతిలోకి రావాలి.

గ్లోరీ లోపలికి అడుగు పెట్టింది. కన్ను పొడుచుకున్నా కనబడని మూలకు, ఫోన్ వెలుగు అందని సీటు వెనక్కి. ప్రభువా ప్రభువా అనుకుంటూ రెండు చేతులూ చాపి రాడ్డును తడిమింది.

ఇనుము తగల్లేదు. చెయ్యి తగిలింది.

వేడిగా ఉంది ఆ చెయ్యి. చల్లగా ఉంటుందేమో అనుకుంది, కాదు, బతికిన మనిషి చెయ్యిలాగే ఉంది. వేళ్ల సందుల్లో పొడిపొడిగా జొన్నపిండి. మణికట్టుకు రెండు గాజులు, ఒకటి అంచు విరిగింది. గ్లోరీ కుడి చేతికీ రెండు గాజులు, ఒకటి అంచు విరిగింది. ఆమె వేళ్లు ఆ చేతి బొటనవేలి మొదట్లోకి పోయాయి. అక్కడ చింతగింజంత బొబ్బ. తాజాగా, మెత్తగా.

"ఇడువు" అంది గ్లోరీ.  "నా మొగన్ని ఇడువు."

చెవి పక్కనే ఊపిరి తగిలింది. తన గొంతే, తన చెవిలోనే.

"పట్టినవా గ్లోరీ?"

ముందు నుంచి జేమ్స్ మూలుగు. మూతి ఇంకాస్త జరిగింది. జవాబు చెప్పనిదే అది వదలదు. రాడ్డు దగ్గర కట్టుబాటు అదే కదా, పట్టిన అన్న మాట చెవిన పడనిదే అవతలి మనిషి ఏమీ చెయ్యదు. ఏమి పట్టావని అడుగుతోందో, తను ఏమని ఒప్పుకుంటోందో ఆలోచించే తీరిక గ్లోరీకి లేదు. ఆ వేళ్ల మీదుగానే తన వేళ్లు బిగించింది.

"పట్టిన."

"ఇడిసిన" అందది.

ఒక్కసారిగా రాడ్డు బరువంతా గ్లోరీ చేతుల మీద పడింది. కింద ఇనుమే ఉంది ఇప్పుడు. భుజాలు ఊడిపోయేట్టు వెనక్కి గుంజి, మోకాలితో సీటు కింద తడిమి స్విచ్చి కొట్టింది. ఇంజను వెక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. చెవులు హోరెత్తే నిశ్శబ్దం.

రాడ్డు వదలకుండానే గ్లోరీ ట్రాక్టర్‌ను వెనక నుంచి గుంజింది, జేమ్స్ ముందు నుంచి నెట్టాడు. జేమ్స్ డ్రమ్ముల మీదుగా దొర్లుకుంటూ బయటపడ్డాడు. మోకాళ్లు చితికి రక్తం కారుతోంది, కానీ నిలబడగలుగుతున్నాడు. షెడ్డు తలుపు లాగి గొలుసు వేసి, తాళం నొక్కాడు. గ్లోరీ చెయ్యి పట్టుకొని వాకిట్లోకి వచ్చి ఊపిరి పీల్చాడు.

"బతికినం" అన్నాడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "తిట్టవే. ఇయ్యాల ఎంతన్న తిట్టు. పొద్దుగాల గీ ట్రాక్టర్‌ను తీసి పారేస్త. తిట్టు."

గ్లోరీ తిట్టాలనే అనుకుంది. కడుపులో నుంచి ఎంత పెద్ద తిట్టు వస్తోందో ఆమెకే తెలుసు. నోరు తెరిచింది.

"పోనీ తీయ్" అంది. మెత్తగా. "బువ్వ తిందువు రా."

జేమ్స్ నవ్వు సగంలో ఆగింది.

పక్క గోడ మీదికి మణెమ్మ బ్యాటరీ లైటు ఎత్తింది. ఆ వెలుగు జేమ్స్ మీద పడి, పక్కకు జరిగి గ్లోరీ మొహం మీద పడింది. చాలాసేపు అక్కడే ఉంది. తరువాత లైటు ఆరింది. మణెమ్మ ఇంటి తలుపు మూసుకుంది, లోపల గడియ పడిన చప్పుడు.

"కాలింది గద, చూపియ్యి" అన్నాడు జేమ్స్. గొంతు మారింది. ఫోన్ వెలుగు ఆమె కుడి చేతి మీద పట్టాడు. గ్లోరీ కూడా చూసింది. బొటనవేలి మొదట్లో బొబ్బ లేదు. కాలిన మచ్చ లేదు. చర్మం నున్నగా ఉంది. నొప్పి కూడా లేదు, అది ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

అప్పుడు షెడ్డు తలుపు దబదబ మోగింది. లోపలి నుంచి.

"నీ ట్రాక్టర్ల మన్ను పొయ్య! నన్ను లోపట వెట్టి తాళం ఏసినవేందయ్యా! చెయ్యి మండుతున్నది, తలుపు తియ్యి! దీవెన నాయినా!"

వాడంతా వినబడే గొంతు. వంకర లేని, కల్తీ లేని గ్లోరీ గొంతు.

జేమ్స్ షెడ్డు వైపు చూశాడు. మెల్లగా తలతిప్పి తన పక్కనున్న మనిషిని చూశాడు. ఒక అడుగు వెనక్కి వేయబోయాడు, ఆమె పట్టులో నుంచి చెయ్యి రాలేదు.

గ్లోరీకి అరవాలని ఉంది. నేనేనయ్యా, నీ పక్కనున్నది నేనే అని గుండె పగిలేట్టు చెప్పాలని ఉంది. అవునో కాదో మాత్రం ఆ క్షణాన ఆమెకు రూఢిగా తెలియలేదు. తన వేళ్లు అతని వేళ్ల చుట్టూ బిగుసుకుంటున్నాయి. ఆమె బిగించడం లేదు.

"గ్లోరీ" అన్నాడు జేమ్స్, గుసగుసగా. "చెయ్యి ఇడువు."

ఇడిసిన అనాలి. ఒక్క మాట. ఇడిసిన. దాన్ని నాలుక మీదికి తెచ్చుకోవడానికి గ్లోరీ ఉన్న బలమంతా కూడదీసుకుంది.

"పట్టిన" అంది.